ఎర్రబురదకు కాపలా ఉన్న నీరడి

దూలయ్య పేరు తెలిసేలోపే ఆయన్ని తిట్టేశాను. 1986 మార్చి నెల. పొద్దున్నుంచి ఎండలో వాగు వెంట నడిచి, పదకొండు చోట్ల నీళ్ళు పట్టి, సీసాలన్నీ ఒక బండమీద వరుసగా పెట్టి, చేతులు కడుక్కుందామని పక్కకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పదకొండు సీసాలూ శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన ఒక బక్కపల్చటి మనిషి, భుజాన పార, మోకాళ్ళ దాకా తడి, ఏదో ఉపకారం చేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎవరు పారబోయమన్నారు నిన్ను?" అని అరిచాను.

ఆయన బెదరలేదు. "మురికి నీళ్ళున్నయ్. కడిగి పెట్టిన," అన్నాడు. నేనింకా ఊగిపోతుంటే కాసేపు నా మొహం చూసి, "గా నీళ్ళు ఈ వాగువే కదమ్మా? వాగు యాడికి పోయింది, ఈడనే ఉన్నది. పా, మళ్ళ పడదాం," అన్నాడు.

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని మొహం గంటు పెట్టుకునే ఆయన వెనక నడిచాను.

నా పేరు నిర్మలాదేవి. మాది ముదిగొండ పక్కన ఒక ఊరు. ఖమ్మంలో నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో ఉద్యోగం. ఏన్కూరు దాటి అడవిలోకి పోతే తునికిపాడు అని ఇరవై ఇళ్ళ కోయగూడెం ఉంది. గూడేనికి ఇవతల కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పొలాలు. ఆ రైతుల్లో పెద్దాయన వెంకటరామారావుగారు మా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. మూతబడ్డ రాగి గని నుంచి ఎర్రనీళ్ళు వాగులో కలుస్తున్నాయి, పరీక్ష చేయించండి అని. ఆ అర్జీ చేతులు మారి మారి, ఆఫీసులో అందరికంటే చిన్నదాన్నయిన నా బల్లమీద పడింది.

దూలయ్య ఆ ఊరి నీరడి. చెరువు నీళ్ళూ కాలువ నీళ్ళూ ఏ మడికి ఎప్పుడు ఎంత వదలాలో చూసే మనిషన్నమాట. ఆయన తండ్రీ నీరడే. అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. నాలుగు మట్టిబెడ్డలు అటూ ఇటూ జరిపి, పారే నీటిని వేలెడు ఎత్తు పెంచగలడు, తగ్గించగలడు. గూడెంవాళ్ళకూ రైతులకూ నీళ్ళ దగ్గర ఎన్ని తగువులున్నా, దూలయ్య నీటి మడవ కట్టాక మళ్ళీ తెంపిన మగాడు లేడు. ఆయనకున్న జబ్బు ఒకటే, శుభ్రం. కాలువలో ఆకు కనబడకూడదు, గట్టున గడ్డి మొలవకూడదు. నా సీసాలు కడిగింది కూడా ఆ జబ్బుతోనే.

దారి పొడుగునా నన్ను ప్రశ్నలతో చంపాడు.

"వాగు ఒక్కటే కదమ్మా, సీసాలు పదకొండెందుకు?"

"వాగు ఒకటే కానీ నీళ్ళు అన్నిచోట్లా ఒకటి కాదు. పైన ఒకలా ఉంటాయి, కింద ఒకలా ఉంటాయి."

"నడుమ ఏం జరుగుతదో చూస్తవన్నమాట."

"అవును."

ఆయన ఆగి, పార నేలమీద ఆనించి, ఆ మాటను మనసులో రెండు మూడుసార్లు తిప్పుకున్నాడు. నాతో కలిసి పనిచేసే డిగ్రీ పట్టాలవాళ్ళెవరూ అంత శ్రద్ధగా ఆలోచించగా నేను చూడలేదు.

గని దగ్గరికి తీసుకుపోయాడు. డెబ్బైల మొదట్లో అక్కడ ఖనిజం కోసం కొండలోకి సొరంగం తవ్వారు. దూలయ్య కూడా రెండేళ్ళు రాళ్ళు మోశాడట. తర్వాత సరుకు చాలదని 1978లో మూసేసి ఎవరిదారిన వాళ్ళు పోయారు. సొరంగం నోరు మాత్రం తెరిచే ఉంది. అందులోంచి చేతిలావు ధారగా నీళ్ళు వస్తున్నాయి. వింతేమిటంటే ఆ నీళ్ళు ఎర్రగా లేవు, గాజులా ఉన్నాయి.

"లోపల గట్లనే తేటగుంటయ్. బయటికొచ్చి గాలి తగిలినంక ఎర్రబడ్తయ్, చూడు," అన్నాడు.

నిజమే. పది గజాలు దాటాక అడుగున రాళ్ళమీద పసుపు, ఇంకొంచెం పోయాక కాషాయం, ఆ తర్వాత నేలంతా ఎర్రటి బురద. నీళ్ళు అక్కడ వాయిలి పొదల మధ్య పల్చగా పరుచుకుని, పాయలు పాయలుగా, వెళ్ళాలో వద్దో తెలియనట్టు నింపాదిగా పోతున్నాయి. అట్లా రెండు ఫర్లాంగులు. ఆ తర్వాత మద్దులవాగులో కలిసేచోట మళ్ళీ తేటగా అయిపోయాయి. అక్కణ్ణుంచి ఇసుక వాగు. ఎండాకాలం గూడెంవాళ్ళు ఆ ఇసుకలో చెలిమెలు తోడుకుని, ఊరిన నీళ్ళు ముంచుకుని తాగుతారు. వాళ్ళకు వేరే నీళ్ళు లేవు.

ఎర్రబురద చూసినప్పుడల్లా దూలయ్య ముఖం చిన్నబోయేది. ఆ రెండు ఫర్లాంగులూ అడవి భూమి. ఆయకట్టు కిందకు రాదు కాబట్టి ఎవరూ పూడిక తియ్యలేదు. "నా ఊరి నీళ్ళు గిట్ల బురదల పొర్లుకుంట వస్తుంటే నాకు సిగ్గయితదమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం గూడెంలో దూలయ్య వాళ్ళింటి గోడ నీడన కూర్చున్నాను. లేచేసరికి చీరకు వెనకంతా రంగు అంటింది. దూలయ్య భార్య జంపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గోడ ఎంత బాగుందో అప్పుడు చూశాను. ఎర్రగా, నున్నగా, పొద్దుటి ఎండలాంటి ఎరుపు.

"ఏం రంగు ఇది?"

"గని కాడి బురదమ్మా. జాజు కొనే పని లేదు మాకు. గూడెంల ఆడోళ్ళందరం దాంతోనే అలుకుతం."

ఒక ముద్ద మోదుగాకులో చుట్టి ఇమ్మన్నాను. కుతూహలం తప్ప ఇంకో కారణం లేదు.

ఖమ్మంలో పరీక్ష చేశాను. సీసాలో నీళ్ళు, ఆసిడ్, జింకు పలుకులు వేసి, మూతిమీద మందు పూసిన కాగితం ముక్క బిగించాలి. లోపల పాషాణం ఉంటే, అంటే ఆర్సెనిక్ ఉంటే, అరగంటలో కాగితం పసుపుపచ్చనవుతుంది. ఎక్కువుంటే గోధుమరంగుకు తిరుగుతుంది. గని నోటి దగ్గరి నీళ్ళకు కాగితం గోధుమరంగయింది. రాగి ఖనిజంతోపాటు ఆ కొండలో పాషాణం కూడా ఉందన్నమాట. బురద దాటాక పట్టిన నీళ్ళకు లేత పసుపు. చెలిమె నీళ్ళకు కాగితం తెల్లగానే ఉంది. ఇక జంపక్క ఇచ్చిన ముద్దకు కాగితం దాదాపు నల్లబడింది.

అక్కడే ఆగి ఆలోచించాల్సింది. పైన నీళ్ళలో ఉన్న విషం కింద నీళ్ళలో లేదు, బురదలో ఉంది. అంటే ఏమిటి? పదో తరగతి పిల్లకైనా తట్టాల్సిన ప్రశ్న. నాకు తట్టలేదు. నల్లటి కాగితం చూసి భయపడి, "ఈ బురద నిండా పాషాణం ఉన్నది. ప్రజారోగ్యం దృష్ట్యా దీన్ని వెంటనే తొలగించవలెను" అని రిపోర్టు రాశాను. గోడలకు పూయవద్దని కూడా రాశాను, అది మాత్రం సరైన మాటే. మా ఆఫీసరు సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇకమీదట ఏటేటా తీయించవలెనని తన వంతుగా ఒక వాక్యం చేర్చి ఊరికి పంపించాడు. నేను ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ వారమంతా ఎగిరెగిరి నడిచాను.

ఆ ఊళ్ళో పూడికతీతకు ఒక పద్ధతి ఉంది. తొలకరికి ముందు ఇంటికొక మనిషి పార పట్టుకుని రావాలి, రైతయినా కోయయినా సరే. మొదటి పార నీరడిది. ఆయన వేసేదాకా ఇంకెవరూ వేయరు. ఎక్కడ ఆయన పార నేలకు గుచ్చి వదిలేస్తాడో అక్కడితో పని ఆఖరు. ఆ ఏడు నా రిపోర్టు పుణ్యాన పూడికతీత అడవిలోకి పాకింది. వెంకటరామారావుగారు తన ట్రాక్టరు పంపాడు. దూలయ్య సంతోషానికి పట్టపగ్గాలు లేవట. ఎనిమిదేళ్ళ సిగ్గు కడిగేసుకోవచ్చని, మొదటి పార ఆయనే వేశాడు. మూడు రోజుల్లో రెండు ఫర్లాంగుల బురదా ఎత్తి గట్టున పోశారు. వంకర పాయలన్నీ పూడ్చి, దారం పట్టి గీసినట్టు తిన్నటి కాలువ తవ్వారు. నీళ్ళు గలగలా పరుగెత్తాయి. ఊరంతా చూసి మెచ్చుకుంది.

ఒక్క పాయ మిగిలిపోయింది. ఎడమవైపు వాయిలి పొదల్లో కందిరీగల పట్టు ఉంది. పొద నరకబోయిన ఇద్దరికి మొహాలు బూరెల్లా వాచిపోయాయి. ఇంకెవరూ అటు పోలేదు. దూలయ్యకు అదొక్కటే వెలితి. పని పూర్తి కాలేదని వానాకాలమంతా గొణుక్కుంటూనే ఉన్నాడట.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో, అంటే 1987లో, మా ల్యాబు గుమ్మంలో దూలయ్య ప్రత్యక్షమయ్యాడు. చంకలో సంచి. సంచిలో మూడు పాత సారా సీసాలు. మూతులకు తాటాకు బిరడాలు, మెడలకు తాళ్ళు. ఒకదాని తాడుకు ఒక ముడి, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు.

"ఏంది దూలయ్యా, ఇంత దూరం?"

"నువ్వే కదమ్మా చెప్పింది. పైన ఒకతీరు, కింద ఒకతీరు ఉంటదని. నడుమ ఏం జరుగుతదో చూడాలని. చూసిన."

స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పుకుపోయాడు. కాలువ తవ్విన ఏడాదే మద్దులవాగులో పరక చేపలు పోయాయి. కప్పల అరుపు ఆగిపోయింది. ఈ ఎండాకాలం గూడెంలో పిల్లలకు కడుపునొప్పులు, వాంతులు. చెలిమె నీళ్ళు వగరుగా ఉంటున్నాయని జంపక్క అంటోంది. దూలయ్య పది రోజులు వాగు వెంట పైకీ కిందికీ తిరిగాడు. తవ్విన కాలువ పక్కన ఎక్కడా పురుగు లేదు. కానీ కందిరీగల పాయ కింద చిన్న మడుగులో కప్పలున్నాయి.

"అది ఒక్కటే మనం ముట్టనిది. బురద గట్లనే ఉన్నది. గా బురద మీంచి వచ్చిన నీళ్ళల్ల కప్ప బతుకుతున్నది. మనం శుభ్రం చేసిన నీళ్ళల్ల చస్తున్నది. ఏందమ్మా గిది? నాకు నిద్ర పడ్తలేదు."

ఒక ముడి సీసా గని నోటిది. రెండు ముళ్ళది తవ్విన కాలువ చివరిది. మూడు ముళ్ళది కందిరీగల పాయ చివరిది. కందిరీగలు కుట్టలేదా అని అడిగాను. "కుట్టినయ్," అన్నాడు, అంతే.

అప్పటికప్పుడే మూడు పరీక్షలూ పెట్టాను. అరగంట ఇద్దరం ఆ కాగితాలనే చూస్తూ ఉన్నాం. ఒక ముడి కాగితం గోధుమరంగు. రెండు ముళ్ళదీ గోధుమరంగే, ఆవగింజంత తేడా లేదు. మూడోది లేత పసుపు, కళ్ళు చికిలించి చూస్తే తప్ప తెలియదు.

దూలయ్య మూడు కాగితాలనూ చూశాడు, నన్ను చూశాడు.

"బురద విషం కాదమ్మా. విషాన్ని పట్టుకున్నది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఎవరి ముందూ ఏడవని దాన్ని, బీకర్లు కడిగే తొట్టి వైపు తిరిగి మొహం కడుక్కున్నాను. నేను చదివిన చదువంతా ఈ మనిషి మూడు తాళ్ళ ముళ్ళతో చెప్పాడు. నేనేమో ఎనిమిదేళ్ళుగా తన పని తాను చేసుకుపోతున్న దాన్ని తవ్వి పారేయమని ముద్ర వేయించాను. ఆ బురదలో ఇనుము తిని బతికే కంటికి కనబడని జీవులుంటాయని, అవి నీళ్ళలో కరిగిన ఇనుమును తుప్పుగా మారుస్తుంటే ఆ తుప్పు పాషాణాన్ని పట్టుకుని అడుగున కూర్చుంటుందని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను. అందుకు నీళ్ళు పల్చగా, నిదానంగా పోవాలి. మనం తిన్నటి కాలువ తవ్వి, వాటికి నిలబడే తీరిక లేకుండా చేశాం.

ఆఫీసరు గదిలోకి వెళ్ళి, పాత రిపోర్టు తప్పు, కొత్తది రాస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయినేడు తియ్యమన్నాం, ఈ ఏడు వద్దంటే మన పరువేం కావాలి? పై నుంచి ఎవరైనా నిపుణులు వస్తారు, చూద్దాం," అన్నాడు. నిపుణులు ఎప్పుడొస్తారంటే తెలియదు. పూడికతీత ఎప్పుడంటే, దూలయ్య చెప్పాడు, ఇంకా నెల.

"ఈసారి మందు కొట్టి కందిరీగల పొద కూడా నరుకుతరట అమ్మా," అన్నాడు వెళ్ళేముందు. "గది కూడా పోతే ఇంక చూపెట్టనీకి ఏం మిగలదు. నువ్వు రావాలె. నా మాట ఎవరింటరు?"

పోయాను. సెలవు పెట్టి, పరీక్ష సామాను సంచిలో సర్దుకుని, ఆసిడ్ సీసాను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఏన్కూరు దాటాక బస్సు టైరు పంక్చరయింది. డ్రైవరుతో కాసేపు, కండక్టరుతో కాసేపు పోట్లాడి, చివరి మూడు మైళ్ళూ నడిచాను. నేను చేరేసరికి ఎర్రబురద దగ్గర ఇంటికొక మనిషి చొప్పున నలభై మంది పారలతో నిలబడి ఉన్నారు. ఎవరూ పని చేయడం లేదు. దూలయ్య కందిరీగల పొదకు నాలుగు గజాల ఇవతల బురదలో కూర్చుని ఉన్నాడు. పార ఒళ్ళో ఉంది. మొదటి పార వేయడం లేదు.

వెంకటరామారావుగారు గొడుగు కింద నిలబడి, సహనం అయిపోవచ్చిన గొంతుతో మాట్లాడుతున్నాడు. "ఏంటయ్యా దూలయ్యా ఇది? కిందటేడు నువ్వేగా ముందుండి తీయించావు? నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకో నీరడిని పెట్టుకుంటాం."

"పెట్టుకో అయ్యా. గాయన్ని కూడా గీ బురద ముట్టొద్దని చెప్తా."

గూడెంవాళ్ళలోనే ఒకడు, "ముసలోడికి ఒళ్ళు బరువైంది," అన్నాడు. దూలయ్యకు అది తగిలినట్టు నాకు కనబడింది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఆయన్ని ఆ మాట అనలేదు. వంచిన తల ఎత్తలేదు కానీ, పార మాత్రం వదల్లేదు.

నేను మధ్యలోకి పోయి నిలబడ్డాను. "ఆయన్ని అనకండి. ఆ రిపోర్టు రాసింది నేను. తప్పు రాశాను," అన్నాను. అంత బిగ్గరగా అననక్కర్లేదు, కానీ నా గొంతే అంత.

వెంకటరామారావుగారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "చూడమ్మా, మీ ఆఫీసు ముద్ర ఉంది దీనిమీద. ఏటేటా తీయాలని రాసుంది. దీన్ని నమ్మాలా, నీ నోటి మాట నమ్మాలా?"

న్యాయమైన ప్రశ్నే. "రెండూ నమ్మొద్దు, కళ్ళతో చూడండి," అని సంచి విప్పాను. గని నోటి నీళ్ళు వాళ్ళ మనుషుల చేతే పట్టించాను. కాలువ చివర నీళ్ళూ, కందిరీగల పాయ కింద మడుగు నీళ్ళూ అట్లాగే. దూలయ్య అప్పుడు లేచి వచ్చి, "ఇంకోటి," అని నాలుగో సీసా పట్టుకున్నాడు. జంపక్కను పిలిచి చెలిమె నీళ్ళు తెమ్మన్నాడు.

అరగంట. నలభై మంది ఎర్రనేల మీద కూర్చుని, చుట్టలు కాల్చుకుంటూ నాలుగు సీసాల మూతులకేసి చూస్తూ ఉన్నారు. జింకు బుసబుసమంటోంది. జంపక్క అందరికంటే ముందు కూర్చుంది. మొదట గని సీసా కాగితం రంగు తిరిగింది, తర్వాత కాలువది. మడుగుది తెల్లగా ఉండి ఉండి, చివరికి పసుపు నీడ ఒకటి వచ్చి ఆగింది.

చెలిమె కాగితం ముదురు పసుపయింది.

జంపక్క దాన్ని చేత్తో పట్టుకుని చూసింది. "గీ నీళ్ళే కదా మేం తాగుతున్నది. పిల్లలకు పోస్తున్నది," అంది. ఎవరినీ నిందించినట్టు కాదు, కనుక్కుంటున్నట్టు అడిగింది. నేను అవునన్నాను. పోయినేడు నువ్వు చూసినప్పుడు ఎట్లుండె అని అడిగింది. తెల్లగా ఉండె అని చెప్పాల్సి వచ్చింది. జీవితంలో నేనెన్నో మాటలు అన్నాను, పడ్డాను, అంత కష్టంగా నోటికొచ్చిన మాట ఇంకోటి లేదు.

వెంకటరామారావుగారు ఎంత మొండి మనిషైనా కళ్ళముందున్నదాన్ని కాదనే రకం కాదు. చేతిలోని కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, "నా పొలం బావి లోతుది. దాన్ని కూడా పరీక్ష చెయ్యమ్మా. బాగుంటే అందరూ అక్కడే తోడుకోండి," అన్నాడు. చేశాను. కాగితం తెల్లగా ఉంది. ఆ సాయంత్రమే దూలయ్య చెలిమెలన్నీ ఇసుకతో పూడ్చి, పైన రేగుకంప వేశాడు.

ఆ రోజు పూడికతీత జరగలేదు. దూలయ్య పారను ఎర్రబురద మొదట్లో నేలకు గుచ్చి వదిలేశాడు. ఇంక ఇవతలే మీ పని, అవతల వద్దని దాని అర్థం. ఎవరూ దాటలేదు.

కానీ పోయినదాన్ని మళ్ళీ తేవడం ఎట్లా? నాకు తెలియదు, మా పుస్తకాల్లో లేదు. దూలయ్య మడి తడిపే మనిషి కదా, తనకు తెలిసిన పనే చేశాడు. తిన్నటి కాలువకు అడ్డంగా రాళ్ళు పేర్చి, నీళ్ళను పొదల్లోకి మళ్ళించి, నారుమడికి పెట్టినట్టు పల్చగా పరిచాడు. అయినా మొదటి మూడు నెలలు బురద పట్టలేదు. తోడు వేద్దామన్నది జంపక్క. కందిరీగల పాయలోంచి నాలుగు తట్టల బురద తీసి, పాలకు తోడేసినట్టు అక్కడక్కడా వేశారు. ఆ మాట విని నేను నవ్వాను. కార్తీకం వచ్చేసరికి రాళ్ళమీద కాషాయం పొర కట్టింది, నా నవ్వు ఆగిపోయింది. గట్టున పోసిన పాత బురద వానకు మళ్ళీ వాగులోకి జారకుండా, గని పక్కన వదిలేసిన గుంతలోకి మోసి మట్టి కప్పారు. జంపక్క ఎర్రగోడ గీకేసి, మామూలు పుట్టమన్నుతో అలికింది. "అందం పోయిందమ్మా," అని నన్ను చూసినప్పుడల్లా అనేది.

అది ఒకసారి చేసి ఊరుకునే పని కాదు. వరదకు రాళ్ళు కొట్టుకుపోయేవి, పశువులు తొక్కేవి, వానాకాలం నీళ్ళు ఉరికి బురదకు పట్టు తప్పేది. ఒకప్పుడు కాలువలో ఆకు కనబడితే ఓర్చుకోని మనిషి, బురదను ఎవరూ ముట్టకుండా కర్ర పట్టుకుని తిరిగేవాడు. కొత్తవాళ్ళు చూస్తే నీరడి సోమరి అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాడు. 1995లో కాళ్ళు పట్టు తప్పేదాకా ఆయనే నీరడి. నేను మూడు నెలలకోసారి నా సెలవుల్లో పోయి సీసాలు పట్టేదాన్ని. కొత్త రిపోర్టు కూడా రాశాను, పాతది నా తప్పేనని మొదటి వాక్యంలోనే. ఆఫీసరు దాన్ని సొరుగులో పెట్టాడు. నన్ను భద్రాచలం బదిలీ చేశాడు. దాంతో తునికిపాడు దూరమైంది, పోవడం మాత్రం మానలేదు.

1989 ఏప్రిల్‌లో కొత్తగా తోడిన చెలిమె నీళ్ళు పరీక్షించాను. గూడెమంతా చుట్టూ ఉంది. కాగితం తెల్లగా ఉంది. ఎండకు పట్టి చూశాను, తిప్పి చూశాను. ఇంకోసారి చేశాను. తెలుపే.

"తాగొచ్చు," అన్నాను.

ఎవరూ కదల్లేదు. జంపక్క సొరబుర్ర ముంచి, నీళ్ళు నా ముందుకు చాపింది. "ముందు నువ్వు తాగమ్మా," అంది.

ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. బుర్ర అందుకున్నాను. నోటిదాకా రాకుండానే చెయ్యి ఆగింది. మూడేళ్ళ కిందట కూడా ఇట్లాగే కాగితం చూసి, ఇంతే నమ్మకంగా ఒక మాట రాశాను కదా. ఆగింది ఒక్క క్షణమే, కానీ దూలయ్య చూశాడు.

"తాగమ్మా, ఏం గాదు. దసరా కాడి నుంచి నేను రోజూ గీ నీళ్ళే తాగుతున్న," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు తాగమన్నారు నిన్ను? నేను చెప్పేదాకా ముట్టొద్దని అన్నానా లేదా? ఆరు నెలలు! ఏమన్నా అయ్యుంటే?"

"కాగితానికి పడ్తదో లేదో నువ్వు చూస్తవు. కడుపుకు పడ్తదో లేదో ఒకరు చూడాలె కదా. పిల్లలతోని చూడలేం."

జంపక్క అతని వైపు తిరిగింది. ఆమెకూ తెలియదని అప్పుడు అర్థమైంది. ఆమె వాళ్ళ కోయభాషలో ఒకే ఒక్క మాట అంది. నాకు అర్థం కాలేదు. దూలయ్య తల దించుకున్నాడు.

నేను నీళ్ళు తాగాను. బుర్ర ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. జంపక్క దాన్ని నా చేతిలోంచి లాక్కుని, మళ్ళీ ముంచుకుని, తను తాగింది. ఆ తర్వాతే పిల్లల్ని చెలిమె దగ్గరికి రానిచ్చింది.